ఔట్‌వోట్ అంటే ఔట్ చేసే ఓటు కాదు

“డిక్షనరీలనే ఉన్నది సార్, మీరే సదువుండ్రి” అని ఒకాయన ఫోన్ నా చేతిలో పెట్టాడు. తాండూరు దగ్గరి యాలాల్‌లో రోడ్డు పక్క చాయ్ హోటల్. రెండు బండ్ల మీద నలుగురు వార్డు మెంబర్లు వచ్చారు. ఊరి పేరు ఎందుకులెండి, మండలంలో ఒక ఊరు. ఇంగ్లిష్ పాఠాలు చెప్పి చెప్పి తల నెరిసినవాణ్ని కాబట్టి, కాగితం మీద ఇంగ్లిష్ ముక్క కనిపిస్తే చాలు, నా దగ్గరికి వస్తారు. తెర మీద ఉన్న మాట ‘ఔట్‌వోట్’. కింద అర్థం: అధిక ఓట్లతో ఓడించు. అంతవరకు తప్పేమీ లేదు. తప్పంతా ఆ పక్కనే వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్‌లో ఉంది. వార్డు మెంబర్లలో సగానికి ఒక్కరు ఎక్కువ సంతకం పెడితే సర్పంచ్ ‘ఔట్‌వోట్’ అయినట్టేనట. ఆ రోజు నుంచి ఉపసర్పంచ్‌దే కుర్చీ అట.

“ఓడించుడు అంటే ఓడించుడే గద సార్. ఓడినోడు దిగాలె గద?”

వినడానికి తర్కం నిండుగానే ఉంది. వచ్చిన చిక్కంతా అదే. పిచ్చి మాటైతే ఊళ్లోనే ఎవరో ఒకరు నవ్వి కొట్టేసేవారు.

సంతకాలు ఎన్ని అయ్యాయని అడిగాను. ఆరు అయ్యాయి, ఏడోది రేపు పెట్టిస్తారట. కాగితం చూపించమన్నాను. “తెల్ల కాగితాల మీద పెట్టిచ్చినం సార్, మ్యాటర్ ఎనుక రాస్తరు.” ఎవరు రాస్తారని అడిగితే నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా చాయ్ చల్లారిపోయింది.

2025 డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. గెలిచినవాళ్ల మెడలో దండల వాసన పోకముందే ఈ లెక్కలు మొదలు. పుకారు వట్టి పుకారుగా ఉంటే నాకేం నొప్పి? దాని వెనక మెంబర్లను తిప్పే కిరాయి కార్లున్నాయి, శ్రీశైలం ట్రిప్పులున్నాయి, వాటికి తెచ్చిన అప్పులున్నాయి. సర్పంచ్ ఎలాగూ పోతాడు గదా అని నెల మీటింగుకు మెంబర్లు రావడం మానేస్తే కోరం ఉండదు, తీర్మానం ఉండదు. బోరు మోటారు బాగుచేసినవాడి బిల్లు అలాగే ఉంటుంది. వాడు రెండోసారి పిలిస్తే రాడు. నీళ్లు రానిది సర్పంచ్ ఇంటికొక్కదానికే కాదు.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. మనకు ‘ఔట్’ అనగానే అంపైర్ వేలు గుర్తొస్తుంది. లేదంటే ప్రశ్నపత్రం. పేపర్ ఔట్ అయిందంటాం, మనిషిని ఇంట్లోంచి ఔట్ అంటాం. అంటే బయటికి పోవడమే. ఇంగ్లిష్‌లో క్రియకు ముందు చేరే ‘ఔట్’ మాత్రం చాలాచోట్ల ఇంకో పని చేస్తుంది. మించడం, దాటడం. ఔట్‌రన్ అంటే పరుగులో మించిపోవడం. ఔట్‌లివ్ అంటే ఒకరికంటే ఎక్కువ కాలం బతకడం. ఔట్‌నంబర్ అంటే లెక్కలో ఎక్కువ ఉండడం. ఔట్‌వోట్ కూడా ఆ వరసలోదే. ఓట్ల లెక్కలో మించడం, అంతే. ఎవరూ ఎక్కడికీ వెళ్లరు.

వాళ్లకు కందుల వేలంపాటతో చెప్పాను. కంది మన తాండూరు పంట. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. దాని పాట సంగతి ఈ మండలంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒక కుప్పకు నువ్వో రేటు అన్నావు, పక్కవాడు దానిపైన యాభై వేశాడు. ఇంగ్లిష్‌లో నువ్వు ఔట్‌బిడ్ అయ్యావు. ఆ కుప్ప వాడిది. నీ లైసెన్సు పోయిందా? నిన్ను గేటు బయటికి పంపారా? నువ్వు తువ్వాలు దులుపుకొని పక్క కుప్ప దగ్గరికి పోతావు. ఔట్‌వోట్ అయిన సర్పంచ్ కూడా అంతే. ఆ ఒక్క కుప్ప పోయింది, పక్క కుప్ప ఉంది.

పదవి నుంచి దింపడానికి ఇంగ్లిష్‌లో వేరే మాట ఉంది. ‘వోట్ ఔట్’. ఆ రెండు ముక్కలే తిరగేస్తే ఔట్‌వోట్. పేరు ముందు ఇంటిపేరు వెనక రాసినట్టు రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. ‘వోట్ ఔట్’ అంటే ఓటుతో పదవి ఊడగొట్టడం. ‘ఔట్‌వోట్’ అంటే ఓట్ల సంఖ్యలో మించి, వాడి మాట చెల్లకుండా చేయడం. ఇంకోటి కూడా ఉంది, ‘వోట్ డౌన్’. అది మనిషికి కాదు, ప్రతిపాదనకు. మనుషుల్ని ఔట్‌వోట్ చేస్తారు, తీర్మానాన్ని వోట్ డౌన్ చేస్తారు. పదకొండు మంది కూర్చున్న చోట ఏడుగురు ఒకవైపు, సర్పంచ్‌తో కలిపి నలుగురు ఇంకోవైపు ఉంటే ‘హి వాజ్ ఔట్‌వోటెడ్, సెవెన్ టు ఫోర్’ అంటారు. ఎక్కువగా ఇలా కర్మణి ప్రయోగంలోనే కనిపిస్తుంది. ‘ఔట్‌వోటెడ్ ఫ్రమ్ ది పోస్ట్’ అని ఎవరైనా రాస్తే వాళ్లకు రెండూ తెలియవు, ఇంగ్లిషూ చట్టమూ.

తమాషా ఏమిటంటే ఈ తేడా తెలుగులో ఎప్పటినుంచో ఉంది. తీర్మానం వీగిపోతుంది. మనిషి మాట చెల్లదు. పదవి ఊడుతుంది. మూడు సంగతులకు మూడు క్రియలు. “పంచాయితీల నా మాట చెల్లలె” అని మా పెద్దమ్మ అన్నప్పుడు, ఆమె పెద్దరికం పోయిందని ఎవరమూ అనుకోలేదు. ఇంగ్లిష్ మాట వచ్చి మూడింటినీ ‘ఓడించు’ అనే ఒక్క గంపలో వేసింది. నిజానికి తప్పు ఇంగ్లిష్‌ది కూడా కాదు, ఒక్క ముక్కలో అర్థం ఇచ్చి చేతులు దులుపుకున్న డిక్షనరీ యాప్‌ది.

ఇక చట్టం. తెలంగాణలో సర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు మెంబర్లు కారు, ఊరు. సర్పంచ్‌కు ఒక బ్యాలెట్, వార్డు మెంబర్‌కు ఇంకో బ్యాలెట్, రంగులు కూడా వేరు. ఊరు కూర్చోబెట్టినవాణ్ని పదిమంది మెంబర్లు లేపలేరు. 2018 పంచాయతీరాజ్ చట్టంలో సర్పంచ్ మీద మెంబర్ల అవిశ్వాస తీర్మానం అనేదే లేదు. అవిశ్వాసం ఉన్నది ఉపసర్పంచ్ మీద. ఎందుకంటే ఉపసర్పంచ్‌ను ఎన్నుకునేది ఈ మెంబర్లూ సర్పంచే. అక్కడ కూడా సగానికి ఒక్కరు ఎక్కువైతే చాలదు, మూడింట రెండు వంతులు కావాలి. అంటే ఆ మెసేజ్ ప్రకారం కుర్చీ ఎక్కాల్సిన ఉపసర్పంచ్ కుర్చీనే అసలు కదిలే కుర్చీ. ఈ సంగతి చెప్పినప్పుడు నలుగురిలో ఒకాయన ముఖం మాడిపోయింది. ఆయన ఏ పదవిలో ఉన్నాడో నేను అడగలేదు.

మరి ఈ పుకారు ఎక్కడ పుట్టింది? గాలిలోంచి రాలేదు. మన మండలం దాటి పోతే కర్ణాటక. సేడం, చించోళి వైపు మనకు పిల్లనిచ్చినవాళ్లున్నారు, పిల్లను తెచ్చుకున్నవాళ్లున్నారు. అక్కడ గ్రామ పంచాయతీ అధ్యక్షుణ్ని మెంబర్లే ఎన్నుకుంటారు. కాబట్టి మెంబర్లు అవిశ్వాసం పెట్టి దింపగలరు కూడా. పెళ్లికి పోయిన మనవాళ్లు “మా అల్లుడి ఊర్ల అధ్యక్షున్ని దింపిండ్రు” అని కళ్లారా చూసి వస్తారు. ఆ చూసింది నిజమే. సరిహద్దు దాటగానే చట్టం మారుతుందన్న ముక్క మాత్రం అక్కడి పెళ్లి పందిట్లోనే మరిచిపోయి వస్తారు. ఇక ఇంటి దగ్గరే తాండూరు మున్సిపాలిటీ ఉంది. చైర్‌పర్సన్‌ను కౌన్సిలర్లు ఎన్నుకుంటారు. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల మీద 2024 మొదట్లో రాష్ట్రమంతటా అవిశ్వాసాల వరస నడిచింది. పేపర్లు రోజూ అవే రాశాయి. మండల పరిషత్‌లో ఎంపీపీ కూడా ఎంపీటీసీలు ఎన్నుకున్నవాడే. చుట్టూ ఇన్ని కుర్చీలు కదులుతుంటే సర్పంచ్ కుర్చీకి మాత్రం మేకులు కొట్టి ఉన్నాయంటే నమ్మబుద్ధి కాదు. కొట్టే ఉన్నాయి. ఎవరు ఎన్నుకున్నారో వాళ్లే దింపాలన్నది ఇక్కడి సూత్రం. మధ్యప్రదేశ్, హర్యానాల్లో ఊరి ఓటర్లే మధ్యలో వెనక్కి పిలిచే రీకాల్ పద్ధతి పెట్టారు. మన దగ్గర అదీ లేదు.

మెంబర్లు ఎన్నుకున్న చోట ఔట్‌వోట్ కావడమూ ఔట్ కావడమూ ఒకేరోజు జరగొచ్చు. 1954 నవంబర్‌లో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో అవిశ్వాసంలో ఓడింది. మద్యనిషేధం మీద గొడవ అది. మంత్రివర్గం పోయింది. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269–270తో పడింది. ఈ రెండూ మనకు బాగా గుర్తుండిపోయాయి, అందుకే లెక్క తప్పితే కుర్చీ తప్పుతుందని మనసులో నాటుకుపోయింది. కానీ ఇంకో రోజు కూడా మనకు గుర్తుండాలి. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. తలల లెక్క తీయలేదు గానీ, సభలో తెలంగాణ సభ్యులు తక్కువని అందరికీ తెలుసు. ఆ రోజు చెల్లనిది వాళ్ల మాట. ఒక్కరి పదవీ పోలేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి, జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఔట్‌వోట్ అంటే ఏమిటో తెలంగాణవాడికి ఇంగ్లిష్ మాస్టారు చెప్పాల్సిన పని లేదు నిజానికి.

అయితే సర్పంచ్‌ను ఎవరూ ఏమీ చేయలేరా? చేయగలరు. సంతకాల లెక్కతో కాదు, రుజువుతో. నిధులు తిన్నాడనో, అధికారం దుర్వినియోగం చేశాడనో, చేయాల్సిన పని చేయలేదనో ఆధారం ఉంటే కలెక్టర్ నోటీసిచ్చి, సంజాయిషీ విని తొలగించవచ్చు. ఫిర్యాదుకు ఏడుగురు అక్కర్లేదు, కాగితాలు సరిగా ఉంటే ఒక్కరు చాలు. తాండూరు పేరు మీదే ఇందుకు పెద్ద సాక్ష్యం ఉంది. 1967లో ఇక్కడి నుంచి మర్రి చెన్నారెడ్డి అసెంబ్లీకి గెలిచారు. ఆ తర్వాత కేంద్ర మంత్రి కూడా అయ్యారు. ఓడిపోయిన వందేమాతరం రామచంద్రరావు ఎన్నికలో అక్రమాలు జరిగాయని కోర్టుకు పోయారు. 1968లో హైకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది. కేంద్ర మంత్రి పదవి వదులుకోవలసి వచ్చింది, ఆరేళ్లు పోటీకి పనికిరాకుండా పోయారు. 1971లో చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రజా సమితి 10 లోక్‌సభ స్థానాలు గెలిచినా, ఆయన పేరు బ్యాలెట్ మీద లేదు. వేల ఓట్లతో గెలిచినవాణ్ని ఓడిన ఒక్క మనిషి పిటిషన్ దింపింది. ఓట్లు ఎక్కువ వచ్చినవాడు ఎన్నికలో గెలిచాడు, రుజువులు ఎక్కువ ఉన్నవాడు కోర్టులో నెగ్గాడు. ఈ కథ తాండూరులో అరవై దాటినవాళ్లందరికీ తెలుసు. వాళ్ల మనవళ్లకు వాట్సాప్ తెలుసు.

ఇక్కడ ఒక్క మాట ఒప్పుకోవాలి, ఇష్టం లేకపోయినా. “మేమందరం ఒక్కటైతే సర్పంచ్ ఏం జెయ్యలేడు” అని ఆ నలుగురిలో పెద్దాయన అన్నాడు. అది అపోహ కాదు. చాలామటుకు నిజం. పంచాయతీ మీటింగులో నిర్ణయం వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాట ప్రకారం నడుస్తుంది. సర్పంచ్‌కు ఒక ఓటు, ఇరువైపులా సమానమైతే ఇంకో ఓటు. ఏడుగురు కాదంటే ఆయన తెచ్చిన తీర్మానం వీగిపోతుంది, ఆయన వేయాలనుకున్న సీసీ రోడ్డు ఆయన ఇంటి వైపు పోదు. పైగా 2018 చట్టం వచ్చాక ఉపసర్పంచ్‌కు జాయింట్ చెక్ పవర్ వచ్చింది. రెండో సంతకం లేకపోతే చెక్కు కదలదు. ప్రతి నెలా మాట చెల్లని సర్పంచ్‌కు కుర్చీ ఉంటుంది, సీలు ఉంటుంది, జాతీయ జెండా ఎగరేసే గౌరవం ఉంటుంది, అంతకుమించి పెద్దగా ఏమీ ఉండదు. చిత్రం చూడండి. ఆ మెసేజ్ చెప్పిన అధికారం మెంబర్లకు లేదు. ఆ మెసేజ్ వాడిన మాటకు అసలు అర్థం ఏముందో, ఆ అధికారం మాత్రం మొదటి రోజు నుంచే వాళ్ల చేతిలో ఉంది. దాన్ని వాడాలంటే మీటింగుకు రావాలి. వాళ్లేమో మీటింగు మానేసి శ్రీశైలం పోయారు.

మిగతా చిల్లర అపోహలు ఆ చాయ్ హోటల్లోనే వచ్చాయి, అక్కడే తేల్చేశాం.

మెజారిటీ వచ్చిందంటే సగానికి పైగా వచ్చినట్టేనా? కాదు. 2018లో తాండూరులో పైలట్ రోహిత్ రెడ్డికి 2,875 మెజారిటీ అని పేపర్లు రాశాయి. అది రెండో స్థానంలో ఉన్న పట్నం మహేందర్ రెడ్డి మీద ఆధిక్యం. మనం ‘మెజారిటీ’ అనేది ఎక్కువగా ఆ తేడానే. సగం దాటడం వేరే సంగతి, మన ఎన్నికల్లో గెలవడానికి అది అక్కర్లేదు.

నోటాకు అందరికంటే ఎక్కువ పడితే? అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఏమీ కాదు, మిగిలినవాళ్లలో మొదటివాడే గెలుస్తాడు.

టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ అట. ఎన్నికల సంఘమే అబద్ధమని చెప్పింది, అయినా ప్రతి ఎన్నికకూ ముందు పండక్కి వచ్చే బంధువులా వస్తుంది.

పార్టీ విప్ ఇస్తే వార్డు మెంబర్ ఓటు దానికి కట్టుబడాలట. గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు, విప్ ఎక్కడిది?

ఏకగ్రీవం అంటే ఊరంతా ఒప్పుకున్నట్టా? ఒక్క నామినేషనే మిగిలినట్టు. ఎందుకు మిగిలిందో ఊరికి తెలుసు.

ఔట్‌వోట్ అంటే బయటి ఊరివాళ్ల దొంగ ఓటని ఒక కుర్రాడు పక్క బల్ల మీంచి అందించాడు. తప్పే, కానీ పూర్తిగా గాలి మాట కాదు. పాత ఇంగ్లండ్‌లో నియోజకవర్గం బయట ఉంటూ ఓటున్నవాణ్ని ‘ఔట్‌వోటర్’ అనేవారు. ఆ కుర్రాడికి ఒక చాయ్ ఇప్పించాను.

ఇక మీరు కూడా వార్డు మెంబర్ అయితే, ఇంకొన్ని ముక్కలు వినండి. పంచాయతీ మీటింగు నెలకోసారి, గ్రామసభ రెండు నెలలకోసారి. రెండింటికీ పోండి. అజెండా ముందే అడిగి తీసుకోండి. తీర్మానం మీకు నచ్చకపోతే అరిచి బయటికి రాకండి, చెయ్యెత్తి వ్యతిరేకించండి. ఎవరెవరు అటు, ఎవరెవరు ఇటు అన్నది మినిట్స్ పుస్తకంలో కార్యదర్శితో రాయించండి. రాసిందాన్ని చదివి, కింద ఖాళీ లేకుండా చూసి, అప్పుడు సంతకం పెట్టండి. మీ లెక్క తక్కువైనా మీ అభ్యంతరం పుస్తకంలో ఉంటుంది. రేపు ఆడిట్ వచ్చినా, కలెక్టరేట్‌లో విచారణ జరిగినా పనికొచ్చేది ఆ రెండు లైన్లే. మీ లెక్క ఎక్కువైతే సర్పంచ్ మాట ఆ రోజుకు చెల్లదు. దాన్నే ఔట్‌వోట్ అంటారు. బిల్లుల్లో మోసం కనిపిస్తే నకళ్లు తీసి, తేదీలు వేసి, ఫిర్యాదు పెట్టి రసీదు తీసుకోండి. దింపే దారి అది. మీటింగు హాలు దారి వేరు, కలెక్టరేట్ దారి వేరు. ఒకదాంట్లో బయల్దేరి ఇంకోదాంట్లో చేరలేరు.

ఆ నలుగురు లేచేటప్పుడు ఒకాయన మెల్లగా అడిగాడు, “మరి ఆ తెల్ల కాగితాలు సార్?”

అదే నేనూ అడుగుతున్నాను. ఆరు సంతకాలున్న ఖాళీ కాగితం మీద రేపు ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. అప్పు పత్రం రాయొచ్చు, సర్పంచ్‌ను మెచ్చుకుంటూ తీర్మానం రాయొచ్చు, మీ రాజీనామానే రాయొచ్చు. పెట్టనివాళ్లు పెట్టకండి. పెట్టినవాళ్లు ఈ పూటే పోయి, అడిగి తెచ్చుకొని, మీ చేత్తో చింపేయండి.